పరుపులో చెంబెడు నీరు

చలికాలము వచ్చినంతనే రేవులలో నీరు గడ్డకట్టునట్టి ఉత్తర దేశములలో, తెరచాప పడవలు గల గృహస్థులు ఆశ్వయుజ కార్తిక మాసముల నాటికే తమ పడవలను ఒడ్డున కెక్కించి, కఱ్ఱ దిమ్మెల మీద నిలిపి, పైన గుడారపు గుడ్డ కప్పి, లోపలి గదులలోని పరుపులను మెత్తలను ఏమి చేయవలెనా యని తర్జనభర్జన పడుదురు. వానిని ఇంటికి మోసికొని పోవువారు కొందరు. పడవలోనే గోడకు చేరవేయక, ఒక్కొక్కదానిని అంచు మీద నిలువుగా నిలబెట్టి, నడుమ గాలి చొరబడుటకు సందు విడుచువారు మరికొందరు. వసంతమున పడవ తలుపు తెరచినప్పుడు ముక్కునకు తగులునట్టి, లేదా తగులనట్టి, ముక్కవాసనయే వారి శ్రద్ధకు గిట్టు పరీక్షాఫలము.

బొగ్గు గనుల ఊరైన గోదావరిఖని నివాసులకు ఈ చింత ఏల యని పాఠకుడు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. గోదావరి ప్రక్కనే పారుచున్నను ఈ ఊరి రేవులో తెరచాప పడవ కానరాదు. హైదరాబాదు హుస్సేన్ సాగరములో జూలై మాసమున జరుగు పందెములలో పరువులిడు లేజర్ పడవలు ఒక్క మనిషి నడుపుకొనునవి. వానిలో పరుపు మాట అటుంచి, నడుము వాల్చుటకైన తావు లేదు. అయినను సమస్య మనది కాకపోలేదు. కాలము మాత్రమే తిరగబడినది. వారు చలికి దాచి ఎండకు విప్పుదురు; మనము చలికి విప్పి వానకు దాచుదుము. శివరాత్రికి చలి శివశివా యని వెడలిపోయిన పిమ్మట మడచి కట్టిన రజాయిలు, బొంతలు, అదనపు పరుపులు, మెత్తలు, వేసవియంతయు వర్షాకాలమంతయు ట్రంకు పెట్టెలలోను, దివాన్ మంచముల కడుపులలోను, అటుకల మీదను పడియుండి, కార్తికమున మరల వెలికి వచ్చును. వచ్చునప్పుడు వానితో కూడ వచ్చు వాసనను గూర్చియే ఈ అధ్యాయము.

సింగరేణి సీమలో చలి యెక్కడిదని దూరమువారు తలతురు గాని, మే మాసమున 45 డిగ్రీల నంటు ఈ ఊరిలోనే, పుష్య మాసపు తెల్లవారుజాములలో మొదటి పాళీకి బయలుదేరు కార్మికుడు చెవులకు మఫ్లరు చుట్టుకొననిదే ఇల్లు కదలడు. 1920లో సింగరేణి కాలరీస్ అను పేరు దాల్చిన కంపెనీ, గోదావరి దక్షిణపు టొడ్డున 1960 ప్రాంతమున బొగ్గు బావులు త్రవ్వ మొదలిడిన నాటి నుండి, నలుదెసల పల్లెల నుండి వచ్చి క్వార్టర్లలో కాపురములు పెట్టినవారు తమ వెంట తెచ్చుకొన్న మొదటి సామానులో గొంగడియు బొంతయు తప్పక ఉండియుండును. గొంగడి ఉన్నిది, బొంత పాత చీరలది, పరుపు దూదిది. మూడును గాలిలోని నీటిని త్రాగునవే. ఈ మాట ముందుగా మనసున నుంచుకొనవలెను. ఎందుచేతననగా, పరుపునకు పట్టిన వాసనకు మురికి కారణమని నూటికి తొంబదిమంది నమ్ముదురు. మురికి తోడుదొంగ మాత్రమే. అసలు దొంగ నీరు. అదియును కంటికి కనబడని నీరు.

ముందుగా వాసన సంగతి చూతము. తొలకరి చినుకు మాడిన నేల మీద పడినప్పుడు లేచు సుగంధమును ఎరుగని తెలుగువాడు లేడు. ఆ పరిమళమునకు 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనువారు పెట్రికార్ అని నామకరణము చేసిరి; ఉత్తర ప్రదేశములోని కన్నౌజు అత్తరు చేయువారు అంతకు ఎంతో ముందే దానిని మట్టి నుండి బట్టీ పెట్టి సీసాల కెత్తి అమ్ముచుండిరి. మరుసటి యేడు, అనగా 1965లో, నాన్సీ గెర్బర్, హుబర్ట్ లెషెవలియర్ అనువారు మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ వంటి సూక్ష్మజీవులు పుట్టించు ఒక పదార్థమును వేరుచేసి, దానికి జియోస్మిన్ అని పేరు పెట్టిరి. గ్రీకు భాషలో ఆ మాటకు భూమివాసన యనియే అర్థము. మన ముక్కు ఈ ఒక్క పదార్థము విషయమున ఎంత సూక్ష్మగ్రాహియో చెప్పిన నమ్మశక్యము కాదు: లక్ష కోట్ల పాళ్ల నీటిలో పది పాళ్లు కలిసియున్నను పసిగట్టగలదు. ఇదే పదార్థము వాకిట లేచిన కవిత్వమగును. పరుపులో లేచిన రోత యగును. చెరువు చేపకు మట్టివాసన నిచ్చునదియు ఇదియే. ఆమ్లము తగిలినచో జియోస్మిన్ విరిగి వాసన లేని పదార్థముగా మారును గనుక, మృగశిర కార్తె ప్రవేశించిన నాడు ఇంటింట చేపలు వండు ఈ సీమలోని తల్లులు చింతపులుసును ధారాళముగా పోయుటలో రుచితోబాటు రసాయనశాస్త్రము కూడ కలదు. అయితే పరుపునకు పులుసు పోయలేము గదా!

పరుపులోని ముక్కవాసన ఒక్క జియోస్మిన్ పని కాదు. బూజు జాతులు తాము తిన్న ఆహారమును జీర్ణించుకొనుచు గాలిలోనికి వదలు ఆవిరులు పెక్కు కలవు. పుట్టగొడుగు వాసన నిచ్చు ఆక్టెనాల్ అను మద్యజాతి పదార్థము వానిలో ప్రసిద్ధము. ముక్కిపోయిన బియ్యపు సంచిలో చేయి పెట్టినప్పుడును, వానాకాలపు గోడబీరువా తెరచినప్పుడును, తడిచెప్పుల మూలనుండియు వచ్చునది ఇట్టి మిశ్రమమే. అందుచేత వాసన వచ్చినదనగా లోపల ఏదో చచ్చినదని కాదు, ఏదో బ్రతుకుచున్నదని గ్రహింపవలెను. బ్రతుకుటకు దానికి కావలసినవి మూడు: ఆహారము, గాలి, నీరు. ఆహారము దూదియే. దూదిలో నూటికి తొంబది పాళ్లకు పైగా సెల్యులోజు. దాని మీద మన చెమటయు, రాలిన చర్మపు పొట్టును చేరిన విందు సంపూర్ణము.

ఈ సెల్యులోజును తిను బూజు ఎంత సమర్థమో తెలుపు కథ యొకటి రెండవ ప్రపంచ యుద్ధమునకు సంబంధించినది కలదు. పసిఫిక్ మహాసముద్రములోని సోలమన్ దీవులలో దిగిన అమెరికా సేనల దూదిగుడ్డ గుడారములు, నడికట్లు, దుస్తులు శత్రువు తూటాలకంటె ముందుగా బూజు వాత పడి చివికిపోజొచ్చెను. సైన్యమువారు ఆ కుళ్లిన గుడ్డల నుండి బూజు జాతులను ఏరి, ప్రయోగశాలలో పెంచి, ఏది ఏ రీతిగా గుడ్డను హరించుచున్నదో పరిశీలింపజేసిరి. వానిలో నొకటి, గుడ్డను చక్కెరగా మార్చివేయు రసములను మిక్కిలిగా స్రవించుచుండెను. ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ అను శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి దానితో పనిచేసిరి. తుదకు 1977లో రీస్ పేరిటనే దానికి ట్రైకోడెర్మా రీసీయై అని నామము స్థిరపడినది. నేడు జీన్సు గుడ్డను మెత్తబరచు కర్మాగారములును, గడ్డిగాదము నుండి ఇంధనము తీయువారును ఈ బూజు సంతతినే పెంచి దాని రసములను వాడుచున్నారు. గుడారము తిన్న దొంగను పట్టి కొలువులో పెట్టుకొనినట్లయినది. మన యింటి పరుపు మీద చేరు బూజులు ఇంత ఘనులు కాకపోవచ్చును గాని, వంశము వంశమే.

ఆహారమును తొలగింపలేము, పరుపే ఆహారము. గాలిని తొలగించుటయు కష్టమే. ఇక మిగిలినది నీరు.

గాలిలో నీరు ఎంత యుండునన్నది వేడిమిని బట్టి మారును. ఒక ఘనమీటరు గాలి 45 డిగ్రీల వద్ద సుమారు 65 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 28 డిగ్రీల వద్ద 27 గ్రాములు మాత్రమే. మే మాసపు మధ్యాహ్నము గోదావరిఖనిలో గాలి తన శక్తిలో ఆరవ వంతు మాత్రమే మోయుచుండును, అనగా పది గ్రాముల చిల్లర. శ్రావణములో ముసురు పట్టిన నాడు ఆ గాలియే 28 డిగ్రీలకు చల్లబడియు, శక్తిలో నూటికి 88 పాళ్లు నిండి, 24 గ్రాములు మోయుచుండును. వేడిగాలికంటె చల్లని గాలిలో రెండింతలకు మించిన నీరు! మనము లెక్కించవలసినది గాలిలోని నీటి మొత్తమును కాదు, గాలి తన శక్తిలో ఎన్నవ వంతు నిండియున్నదను దానిని. ఏలయన దూది చూచునది దానినే. గాలి ఐదవ వంతు నిండియున్నప్పుడు నూరు గ్రాముల పొడిదూది మూడు గ్రాముల నీటిని పట్టియుంచును. గాలి మూడింట రెండు పాళ్లు నిండినచో ఏడెనిమిది గ్రాములు. తొంబది పాళ్లకు చేరువయైనచో పండ్రెండు దాటును. ఉన్ని ఇంతకు రెట్టింపు త్రాగును; పాలిస్టరు దాదాపు ముట్టనే ముట్టదు.

ఇప్పుడు ఎనిమిది కిలోల దూది గల పరుపును తీసికొందము. మే మాసములో దానిలోని నీరు 240 గ్రాములు. శ్రావణములో 960 గ్రాములు. తేడా 720 గ్రాములు. అనగా ఒక చెంబెడు నీరు. ఆ పరుపును చేతితో తడిమి చూచినచో తడి తగులదు; పిండిన ఒక్క బొట్టు రాలదు. అయినను చెంబెడు నీరు దానిలో కొలువుండి, బూజు వేళ్లకు అందుబాటులో నున్నది. బజారులో చెప్పుల డబ్బాతో వచ్చు చిన్న సిలికా పొట్లమును పరుపు మడతలో నుంచి నిశ్చింతగా నుండువారిని చూచి నాకు జాలి కలుగును. సిలికా తన బరువులో మూడవ వంతును మించి కొంచెము పీల్చగలదు. ఈ చెంబెడు నీటికి రెండు కిలోల సిలికా కావలెను.

నీటి కొలతలో ఈ ఊరివారికి పరాయిది ఏమియు లేదు. గనిని ఇక్కడ బాయి యందురు. బాయి లోపల పని జరుగు చోట గాలి ఎంత చెమ్మగానున్నదో తెలిసికొనుటకు, ఒకదాని గుండుకు తడిగుడ్డ చుట్టిన రెండు ఉష్ణమాపకములను ఒక చట్రమున బిగించి గిరగిర త్రిప్పి చూతురు. తడిగుండు ఎంత తక్కువ చూపిన గాలి అంత దాహముతో నున్నదని అర్థము. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలలో తడిగుండు వేడిమి 33.5 డిగ్రీలు మించరాదనియు, 30.5 దాటిన చోట సెకనుకు మీటరు వేగముతోనైనను గాలి పారవలెననియు వ్రాసియున్నది. మనిషి చెమట ఆరుటకు విధించిన నియమమది. పరుపు చెమట ఆరుటకును లెక్క యదియే. వేసవిలో పొడిగుండు 42, తడిగుండు 22 చూపినచో గాలి ఆరవ వంతు మాత్రమే నిండినది. వర్షములలో పొడిగుండు 30, తడిగుండు 27.5 చూపినచో నూటికి 83 పాళ్లు నిండినది. అట్టి నాడు కిటికీలన్నియు బార్లా తెరచి పరుపునకు గాలి ఆడించితిమని సంతోషించు ఇల్లాలికి తాను పరుపునకు నీరు పోయుచున్నదని తెలియదు. గాలి ఆరబెట్టును, నిజమే, ఆరబెట్టు గాలియైనచో.

బొగ్గు విషయములోనైతే కంపెనీలే ఈ లెక్కను సొమ్ముతో లెక్కించెడివి. మన దేశమున చిరకాలము బొగ్గు తరగతిని నిర్ణయించిన సూత్రములో బూడిద శాతమును, తేమ శాతమును కలిపి తీసివేయుచుండిరి; ఆ తేమను కొలుచుటకు బొగ్గు నమూనాను 40 డిగ్రీల వేడిమిలో, నూటికి 60 పాళ్లు నిండిన గాలిలో నుంచి, అది త్రాగవలసినంత త్రాగిన పిమ్మటనే తూచుచుండిరి. లేనిచో వానాకాలపు బొగ్గు కొన్నవాడు నీటికి వెల కట్టవలసి వచ్చును. దూది వర్తకమునను ఇట్టిదే: నూరు పాళ్ల పొడిదూదికి ఎనిమిదిన్నర పాళ్ల నీటిని న్యాయమైన తేమగా ఒప్పుకొందురు. ఒకటి నల్లనిది, ఒకటి తెల్లనిది. ఒకటి పాతాళమునను ఒకటి పైరులోను పుట్టినవి. రెండును మొక్కల సంతానమే గనుక రెండింటికిని దాహము కలదు.

మొక్కల సంతానమనగా జ్ఞప్తికి వచ్చినది. ఈ ఊరి క్రింది బొగ్గు, భూశాస్త్రజ్ఞులు బరాకర్ అని పిలుచు శిలాశ్రేణి లోనిది. ఇరువదియైదు కోట్ల సంవత్సరములకు పైబడినది. నాలుక వంటి ఆకులు గల గ్లాసోప్టెరిస్ వృక్షములు నాటి చిత్తడి నేలలలో కూలి, నీట మునిగి, పూడుకొని బొగ్గయినవి. కూలిన చెట్టును బూజు తినివేయుట అడవిలో నిత్యకృత్యము. మరి ఆ చెట్లనేల తినలేదు? వానిని నిలువనీరు ముంచివేసినది, నిలువనీటిలో ప్రాణవాయువు కరవైనది. అక్కడ నీరు హెచ్చైనందున బూజు బ్రతుకలేదు. మే మాసపు టెండలో నీరు చాలక బ్రతుకలేదు. ఈ రెండింటి నడుమ, గాలియు ఉండి చెమ్మయు ఉన్న ఇరుకైన మేరయే దాని రాజ్యము. బాయి లోపల చెమ్మగాలి తిరిగివచ్చు దారులలో ఆసరాకు నిలిపిన కఱ్ఱ దిమ్మెల మీద దూదివలె తెల్లగా అల్లుకొను బూజును పాత కార్మికులు ఎరుగుదురు. బొగ్గును ముట్టని బూజు, ప్రక్కనున్న కఱ్ఱను పట్టినది. ఆషాఢము నుండి ఆశ్వయుజము వరకు మన అటుక మీది పరుపును సరిగా ఆ మేరలోనే పండుకొనియుండును.

ఆ మేర ఎక్కడ మొదలగును? గాలి నూటికి 75 పాళ్లు నిండి, కొన్ని దినములు అట్లే యున్నచో సాధారణపు బూజులు మొలకెత్త మొదలిడును. 80 దాటిన విజృంభించును. 65కు లోబడిన దాదాపు ఏదియు కదలదు. ఆస్పర్జిల్లస్ వంశములోని కొన్ని పొడిబారిన తావులను కూడ ఓర్చుకొని 71, 72 వద్దనే తల యెత్తును గాని, వాని పెంపు మందము. ఇప్పుడొక విచిత్రము చూడుడు. ఉప్పు గాలిలోని నీటిని లాగి చెమర్చుట మొదలిడునదియు ఈ 75 పాళ్ల యొద్దనే. ప్రకృతి మన వంటింటిలో ఒక కొలతపాత్రను ఉచితముగా నుంచినది! సన్నని అయొడిన్ ఉప్పులో గడ్డకట్టకుండుటకు వేరు పదార్థములు కలుపుదురు గనుక అది సాక్ష్యమునకు పనికిరాదు. దొడ్డుప్పు పిడికెడు ఒక చిప్పలో పోసి పరుపులున్న గూటిలో నుంచవలెను. సముద్రపు టుప్పులోని మెగ్నీషియము లవణము ముందుగానే చెమర్చును. ముందు హెచ్చరిక మనకు మేలే. ఉప్పు గలగలలాడుచున్నంత కాలము గూడు క్షేమము. చిప్ప అడుగున నీరూరినదా, తొందరపడవలెను.

ఈ ఉప్పు కథకే మరియొక కొస కలదు. సముద్రపు నీట తడిసిన పడవ పరుపు ఎన్ని ఎండలకు పెట్టినను మరల చెమ్మగిల్లుచుండుట నావికులకు అనుభవము. లోపల నిలిచిన ఉప్పు గాలి నుండి నీటిని మరల మరల లాగుచుండుటయే కారణము. మంచినీట జాడించి ఉప్పును వెడలగొట్టనిదే ఆ పరుపు ఆరదు. మన కార్మికుని పడకకును సముద్రము కలదు: అది చెమట. తెలిసి చెమర్చని వేళను కూడ మనిషి చర్మము దినమునకు సుమారు 400 మిల్లీలీటర్ల నీటిని వెలిబుచ్చును. వేసవి రాత్రి చెమట దీనికి అదనము, దానిలో ఉప్పు కలదు. బాయి పని గల యింటి పరుపునకు మరియొక కష్టము. రాత్రి పాళీ చేసినవాడు తెల్లవారి వచ్చి, స్నానమాడి, అన్నము తిని, ఏ వేళ పరుపు ఎండకు వేయవలెనో సరిగా ఆ వేళకే దానిపై మేను వాల్చును. ఇంట ఇద్దరు వేరువేరు పాళీలలో నున్నచో ఆ పరుపు రేయింబవళ్లు మనిషి వెచ్చదనమును చెమ్మను మోయుచునే యుండును. వేడియు నీరును ఉండగా ఎండకు కరవైన పరుపది! అట్టి యిండ్లలో పరుపు మీద ఒక మందపు జంబుఖానా వేసి, దానిని వారమున కొకపరి ఉతికి ఆరవేయుట పరుపును దాచిన రోజులలోకంటె వాడు రోజులలోనే కాపాడుకొనుట యగును.

ఇక దాచు పద్ధతికి వత్తము. మన ముసలమ్మలు దీనిని కార్తెలలో చెప్పుదురు: "బిడ్డా, ఆరుద్ర చినుకు వడ్డంక ఎండవెడితే ఏమొస్తది? రోయిణి ఎండల్నే ముల్లె గట్టాలె." మే 25 ప్రాంతమున మొదలై మృగశిర వరకు నడుచు రోహిణి కార్తెలో ఎండకు రోళ్లు పగులునని సామెత. ఆ ఎండలో నాలుగైదు మధ్యాహ్నములు పరుపును అటునిటు త్రిప్పి వేసినచో దూదిలోని నీరు మూడు పాళ్లకు దిగును. చెమ్మను గాలినుండియే పీల్చి బ్రతుకు ధూళిపురుగులు చాలవరకు నశించును. బూజు బీజములు మాత్రము చావవు. అవి ఎండిన గసగసాల కంటె ఎన్నో రెట్లు చిన్నవై, నిద్రించుచు, నీటికై ఎదురు చూచును. వానిని చంపుట మన పని కాదు, మేల్కొలుపకుండుటయే మన పని. శివరాత్రికి కట్టిన ముల్లెను రోహిణిలో విప్పి మరల కట్టుట రెట్టింపు శ్రమయని విసుగుకొనువారు, చలిసామగ్రిని అప్పటివరకు ఊరక దండెము మీద వేసి యుంచి ఒక్కమారే కట్టుదురు గాక.

ఈ ఊరిలో ఎండబెట్టుటకు ఒక ప్రతిబంధకము కలదని నేను చెప్పనక్కరలేదు. ఓపెన్‌కాస్టు గనుల దుమ్ము, విద్యుత్కేంద్రముల బూడిద గాలి వాలును బట్టి మిద్దెల మీద కురియును. తెల్లని గలేబు సాయంత్రమునకు చామనచాయ యగును. అందుచేత పరుపు మీద పాత పలుచని ధోవతి కప్పి ఎండబెట్టవలెను. ఎండ వేడి దిగుటకు అది అడ్డు కాదు. ప్రొద్దు వాలి గాలి చల్లబడకముందే, పరుపు ఇంకను వెచ్చగా నుండగానే ముల్లె కట్టవలెను.

దేనిలో కట్టవలెను? ప్లాస్టిక్కా, గుడ్డయా యని ఇల్లాండ్రలో వాదము కలదు. రెండును నిజమే, రెండును అబద్ధమే. రోహిణిలో ఎండి మూడు పాళ్ల తేమతో నున్న పరుపును గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో బిగించినచో, బయట ఎన్ని ముసురులు పట్టినను లోపల మే మాసమే నిలిచియుండును. శ్రావణములో చెంబెడు నీటితో నున్న పరుపును అదే సంచిలో కట్టినచో ఆ నీటిని బయటకు పోనీయక బూజునకు అప్పగించినట్లగును. ఒక సంచిలో పట్టు గాలిలోని ఆవిరి ఏడెనిమిది గ్రాములు మించదు, దూదిలోని నీరు దానికి నూరు రెట్లు. సంచిలోని గాలిని యంత్రముతో పీల్చివేసితిమని ఊరట చెందుట వ్యర్థము. వేళ తప్పినవారికి, అనుమానము గలవారికి గుడ్డయే శరణ్యము: ఉతికిన పాత చీరలో కట్టి, నేలకు జానెడు ఎత్తున బల్ల మీద, వాన తాకు బయటి గోడకు జానెడు ఎడముగా, ఒకదానిపై నొకటి అదుమక, ఉత్తర దేశపు నావికులవలె అంచుల మీద నిలబెట్టవలెను. వానకు తడిసి రాత్రి చల్లబడిన గోడకు చేరవేసినచో, 32 డిగ్రీల పగటి గాలిలోని చెమ్మ 24 డిగ్రీల గోడ మీద మంచువలె దిగి పరుపు వీపున చేరును. ఇనుప ట్రంకు పెట్టె మూత లోపలి వైపు బొట్లు నిలుచుట ఈ కారణముననే.

భాద్రపదములో నడుమ నడుమ వాన వెలిసి తీవ్రమైన ఎండ కాయు దినములు వచ్చును. దొడ్డుప్పు చెమర్చియున్నచో అట్టి దినమున పదకొండు గంటల పిమ్మట ముల్లె విప్పి, మూడు గంటలకు లోపలికి తేవలెను. వేసవియంత ఎండదు, ఎనిమిది పాళ్లకు దిగిన చాలును, బూజు ఆగిపోవును.

కలరా ఉండల మాట చెప్పక తప్పదు. అవి పురుగులను తరుమును. బూజును ఆపుటకు వానిని నమ్ముకొనరాదు. తమ ఘాటుతో ముక్కవాసనను కప్పిపుచ్చును. వేపాకును అంతే, సాంబ్రాణి పొగయు అంతే. కప్పిపుచ్చుటతో పోయిన బాధ లేదు గాని, కలరా ఉండలలోని నాఫ్తలీన్ పసిపిల్లలకు ప్రమాదకరము. జీ-6-పీ-డీ అను ఎంజైము పుట్టుకతోనే కొరతగా నుండు శిశువులు మన జనములో కలరు. ఆ వాసన నిండిన బొంతలో చుట్టినచో వారి ఎఱ్ఱ రక్తకణములు పగిలి తీవ్రమైన కామెర్లు కలుగవచ్చును. పురిటింటికి ట్రంకు పెట్టెలోని బొంత తీయునప్పుడు ఈ మాట మరువరాదు. వాసన పీల్చుటకు బొగ్గు మంచిదని విన్నవారు ఈ ఊరిలో బొగ్గునకు కొదువా యని సంబరపడవచ్చును. పనికివచ్చునది రాక్షసి బొగ్గు కాదు, కట్టెబొగ్గు. కట్టెను కాల్చినప్పుడు దానిలో ఏర్పడు అసంఖ్యాకములైన సన్నని రంధ్రములే వాసనను పట్టి బంధించును. ఇంత బొగ్గు మీద కాపురముండి, పరుపునకై చాకలి ఇస్త్రీ బండి దగ్గర పిడికెడు బొగ్గు అడుగవలసి వచ్చుట ఒక వింత.

బూజు పట్టనే పట్టినచో? పరుపును బయటికి తెచ్చి, ముక్కునకు గుడ్డ కట్టుకొని, పొడి చీపురుతో దులిపి, ఎండలో వేయవలెను. ఉబ్బసము గలవారు ఆ దరికి పోరాదు. మచ్చలు లోపలికి దిగియున్నచో దూదేకులవానిని పిలిపింపవలెను. అతడు కుట్లు విప్పి, నల్లబడిన ముద్దలను ఏరి పారవేసి, తక్కినదానిని వింటినారితో ఏకి పొంగజేయును. గట్టిపడిన దూదిలో గాలి ఆడక నిలిచిన చెమ్మ పొంగిన దూదిలో పూటలో ఆరిపోవును. ఏకిన పరుపు కొత్తదివలె నుండుటలోని రహస్యమిది.

బూరుగు దూది మెత్తలు గలవారికి ఈ బాధలు తక్కువ. ఆ నార సన్నని గొట్టమువంటిది. లోపల ఎక్కువ భాగము గాలియే. పైన మైనపు పొర. నీరు దానిని తడుపజాలదు, జారిపోవును. రెండవ ప్రపంచ యుద్ధమునకు ముందు నావికుల ప్రాణరక్షక కవచములలో కూరినది జావా ద్వీపపు బూరుగు దూదినే. తన బరువునకు ముప్పది రెట్ల బరువును నీటిపై తేల్చగలదు. మన అమ్మమ్మల తలక్రింది మెత్తలోనిదియు నావికుని రొమ్ము మీదిదియు ఒక్క కుటుంబపు చెట్ల దూదియే యని తలచినప్పుడు, ఈ అధ్యాయమును పడవతో మొదలిడుట అంత అసంగతము కాదని నాకు తోచినది.

కార్తికములో ముల్లె విప్పినప్పుడు మంచి పరుపునకు ఏ వాసనయు ఉండదు. ఎండ వాసన వచ్చుచున్నదని కొందరందురు; అదియును కల్పన కాదు. 2020లో డెన్మార్క్ రసాయనజ్ఞులు ఎండలో ఆరిన తువాళ్లను పరీక్షించి, నీడలో ఆరినవానిలో లేని ఆల్డిహైడులు, కీటోనులు వానిలో పుట్టుట కనుగొనిరి. కాని వారు చూచినది తడిగుడ్డ ఎండలో ఆరుట. ఆ సువాసన కావలసినవారు రోహిణిలో గలేబులను ఉతికి, తడివానినే ఎండలో ఆరవేసి, అవి కరకరలాడిన పిమ్మట పరుపుతోబాటు ముల్లెలో చేర్చుదురు గాక.